అగ్గువ గిలాస.. ఊరి మీద బాకీ

ప్లాస్టిక్ గిలాస ఒకటి రూపాయికి అటూ ఇటూ దొరుకుతది. కిరాణ దుకాణంల కవరైతే ఉత్తగనే ఇస్తరు. నీళ్ల ప్యాకెట్, షాంపూ ప్యాకెట్ చిల్లర పైసలకే వస్తయి. వాడుడు, పారేసుడు. తోముడు లేదు, దాచుడు లేదు, మల్ల తెచ్చి ఇచ్చుడు లేదు. ఇంత అగ్గువ సామాను ఇంకోటి లేదు అనిపిస్తది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఒక్క ముచ్చట సోంచాయించుండ్రి. పది నిమిషాలు వాడి పారేసిన ఆ గిలాస ఎటు పోతది? మాయమైతే కాదు. మీ తాత కాలంల పారేసిన మట్టి కుండ పెంకులు ఇయ్యాల దున్నితే తేలుతయి. అవి మట్టే, మట్టిల ఉంటే నష్టం లేదు. మనం ఇయ్యాల పారేసే గిలాస మన మనుమలు దున్నినప్పుడు తేలుతది. అప్పటికి అది వెయ్యి తునకలైతది. ఒక్క తునక గూడ మట్టి కాదు.

ఇరవై ఏండ్ల సంది ఊర్లు తిరిగే పనిల ఉన్న. "ప్లాస్టిక్ వద్దు" అని ర్యాలీ తీసి, ఆఖరుకు ప్లాస్టిక్ గిలాసలల్లనే నీళ్లు పంచిన మీటింగులు శానా చూసిన. అందుకే ఈ వ్యాసంల నినాదాలు పెట్టుకోలే. ఒక లెక్క చెప్పదలుచుకున్న. ప్లాస్టిక్ అగ్గువ కాదు. దాని అసలు ధర మనం దుకాణంల కట్టం, ఊరి మీద బాకీ రాస్తం. ఆ బాకీ కట్టేది మన గొడ్లు, మన నేల, మన చెరువు, పంచాయతీల చెత్త ఎత్తే మనిషి. ఎవల ఖాతాల ఎంత పడుతున్నదో చూద్దాం.

ఇది ఎన్నడొచ్చింది?

పాలిథిన్ అనే పదార్థం 1933ల ఇంగ్లండ్‌ల ఒక రసాయన కంపెనీ ప్రయోగశాలల అనుకోకుండ పుట్టింది. మనం "కవరు" అనే చేతిపట్టు సంచికి స్వీడన్ కంపెనీ ఒకటి 1965ల పేటెంట్ తీసుకున్నది. అంటే ఈ కవరు వయసు అరవై ఏండ్లే. మన ఊర్లకు వచ్చిందైతే ఇంకా తర్వాత. ఇంట్ల పెద్దమనుషులను అడగుండ్రి. ఉప్పు పప్పు కాయిదం పొట్లంల, నూనె సీసల, మాంసం మోదుగాకుల, కూరగాయలు గంపలనో కొంగులనో తెచ్చుకున్నమని చెప్తరు. ఎవ్వలూ ఉపాసం పండలే. ప్లాస్టిక్ లేకుంటే బతుకు నడవదనేటోళ్లకు ఇది జవాబు.

ఇగ లోకం లెక్క. 2015 దాక మనుషులు తయారుచేసిన ప్లాస్టిక్ మొత్తం సుమారు 830 కోట్ల టన్నులని 2017ల శాస్త్రవేత్తలు లెక్క తీసిండ్రు. అందుల 630 కోట్ల టన్నులు చెత్తయిపోయింది. ఆ చెత్తల మల్ల కరిగించి వాడింది 9 శాతం, కాలవెట్టింది 12 శాతం. మిగిలిన 79 శాతం గుట్టలల్ల, వాగులల్ల, సముద్రాలల్ల, మన పొలం గట్ల మీద ఉన్నది. "రీసైక్లింగ్ అయితది గదా" అని ఎవలన్న అంటే ఈ 9 శాతం గుర్తుకు చెయ్యుండ్రి. మన దేశంలనైతే 2020-21ల ఒక్క ఏడాదికి 41 లక్షల టన్నులకు పైగ ప్లాస్టిక్ చెత్త వచ్చిందని సర్కారు లెక్కనే చెప్తున్నది.

మైక్రాన్ అంటే ఏంది? దాని కథేంది?

వార్తలల్ల "120 మైక్రాన్లు" అని ఇంటరు గదా. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాన్. 2016ల కేంద్రం నియమాలు తెచ్చినప్పుడు చేతి కవరు 50 మైక్రాన్ల కంటె పల్చగ ఉండొద్దన్నది. 2021 సెప్టెంబర్ 30 సంది 75 అన్నది. 2022 డిసెంబర్ 31 సంది 120 అన్నది.

మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువే పడుతది గదా, ఇదేం లాభం అని నన్ను శానామంది పిలగాండ్లు అడిగిండ్రు. మంచి ప్రశ్ననే. 25 సెంటీమీటర్ల వెడల్పు, 35 పొడుగు ఉండే చిన్న కవరు తీసుకోండ్రి. 20 మైక్రాన్లదైతే దాని బరువు 3 గ్రాములకు కొంచెం ఎక్కువ. చెత్త ఏరుకోని బతికే మనిషి ఒక కిలో పోగు చెయ్యాలంటే 300 కవర్లు ఏరాలె. బురద, కూర అంటుకున్న ఆ 300 కవర్లను ఎవలు ఏరుతరు? అందుకే పల్చటి కవరు ఎక్కడ పడితే అక్కడనే ఉంటది. అదే కవరు 120 మైక్రాన్లదైతే 19 గ్రాములు తూగుతది. యాభై రెండు యాభై మూడు ఏరితే కిలో. ఏరేటోళ్లకు గిట్టుబాటు. ఇంకో లాభం ఏందంటే, మందం కవరు పిరం. దుకాణపాయన ఉత్తగ ఇయ్యడు. ఉత్తగ ఇయ్యకుంటే మనం సంచి పట్టుకపోతం. నియమం లోపలి కిటుకు ఇదే.

మరి మన సంతల, చికెన్ దుకాణంల, పూల దుకాణంల ఇప్పటికీ దొరికేది ఏ కవరు? రెండు వేళ్ల నడుమ పట్టి చూడుండ్రి, మీకే ఎరుకైతది.

ఇంకో మోసం గూడ ఉన్నది. బట్టల షాపులల్ల ఇచ్చే రంగు రంగుల సంచి బట్ట లెక్కనే కనబడుతది. "నాన్ ఓవెన్" అంటరు. అది నేసిన బట్ట కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. నాలుగు నెలలు ఎండల ఉంటే పొడి పొడి రాలుతది. నూలు సంచి వేరు, ఇది వేరు.

గొడ్ల ఖాతా

బాకీల మొదటి పద్దు గొడ్లది. మేక పెదవులతోని ఏరుకోని తింటది. ఆవు, బర్రె అట్ల కాదు. నాలుకతో చుట్టి గుంజుకోని, సరిగ నమలకుండనే మింగుతయి. నెమరు తర్వాత వేసుకుంటయి. ఆ మింగిన మేత పోయేది వంద లీటర్లకు పైగ పట్టే పెద్ద పొట్టలకు. మనం మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్ల కట్టి ముడి వేసి పారేస్తం. బర్రె ముడి విప్పలేదు గదా, వాసన పట్టి కవరుతోనే మింగుతది. అన్నం అరుగుతది, కవరు అరగది. పేడల బయటికి రాదు. ఒకదానికి ఒకటి చుట్టుకోని, తాడు పేనినట్టు, గట్టి ముద్దయితది. మేతకు జాగ ఉండది. బర్రె మేయదు, పాలు తగ్గుతయి, పొట్ట ఉబ్బుతది. "ఏదో రోగం తగిలింది" అని మనం సూదులు వేయిస్తం.

ఇది ఊహించి రాసిన ముచ్చట కాదు. పుట్టపర్తిలని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఆవులకు ఆపరేషన్లు చేసి, పొట్టలకెళ్లి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీసింది. ఆ సంస్థ 2012ల సుప్రీంకోర్టుల కేసు వేసింది. "ది ప్లాస్టిక్ కౌ" పేరుతోని దీని మీద ఒక డాక్యుమెంటరీ గూడ వచ్చింది. మన తెలుగు నేల మీద, అనంతపురం దిక్కు, మన గొడ్ల పొట్టలు కోస్తే తేలిన నిజం ఇది.

ఒక బర్రె ధర ఇయ్యాల ఎంతున్నదో మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ ధర ఏ కవరు మీద రాసి ఉన్నది? ఏ దుకాణంల కట్టినం? వెనుకట వాకిట్ల కుడితి గోలెం ఉంటుండె. గంజి, కడుగు నీళ్లు, తొక్కలు అండ్లనే. ఆ గోలెం పోయి కవరు వచ్చింది. గోలెం మల్ల పెట్టుకుంటే ఈ పద్దుల సగం మాఫీ అయితది.

నేల, చెరువు ఖాతా

బంగ్లాదేశ్ 2002ల పల్చటి కవర్లను నిషేధించింది. లోకంల ఆ పని చేసిన మొదటి దేశం అదే. ఎందుకు? 1988ల, 1998ల వచ్చిన వరదలకు మోరీలల్ల ఇరుక్కున్న కవర్లు గూడ ఒక కారణమని తేలింది. 2005ల ముంబై మునిగినప్పుడు గూడ గదే మాట వచ్చింది. అది పట్నం ముచ్చట అనుకోకుండ్రి. మన చెరువు తూము కాడ, చిన్న కాలువ మలుపు కాడ, కల్వర్టు కింద వానకాలం ముందట ఒకసారి చూడుండ్రి. నీళ్ల ప్యాకెట్లు, గిలాసలు, గుట్కా పొట్లాలు ముద్ద కట్టి ఉంటయి. వాన పడ్డనాడు ఎగువ పొలం మునుగుతది, దిగువ పొలానికి నీళ్లు అందయి.

నేలల కూరుకున్న కవరు గూడ ఊకె ఉండది. వాన నీళ్లు దిగే తొవ్వకు అడ్డం పడుతది. వేరు దాన్ని తాకి పక్కకు తిరుగుతది. ఇప్పుడు మిర్చికి, టమాటకు, పుచ్చకాయకు మల్చింగ్ షీట్ వేస్తున్నం. కలుపు తగ్గుతది, తడి ఆగుతది, కాదంట లేను. కానీ పంట అయినంక ఆ పల్చటి షీటు పేలికలై లేస్తది. సగం చేతికి వస్తది, సగం మట్టిల కలుస్తది. రోటవేటర్ కొడితే ఆ సగం ఇంకింత చిన్న తునకలైతది. 5 మిల్లీమీటర్ల కంటె చిన్నగైన తునకలను మైక్రోప్లాస్టిక్ అంటరు. ఇగ దాన్ని ఏరే చెయ్యి లేదు. షీట్ వేసేటోళ్లు కొంచెం మందందే కొనుక్కోని, దున్నక ముందే చుట్ట చుట్టి తీసుడు మర్వొద్దు.

పొగ ఖాతా

"ఇగ ఎందుకు లొల్లి, కాలవెడితే పోతది గదా" అంటరు కొందరు. పొయ్యి అంటిచ్చేటందుకు కవరు ముక్క వాడుడు ఎన్నో ఇండ్లల్ల ఉన్నది. డంపింగ్ యార్డుకు తెల్లారగట్ల నిప్పు పెట్టుడు ఎన్నో ఊర్లల్ల ఉన్నది. కాలిన ప్లాస్టిక్ కండ్లకు కనబడది, అంతే. అది గాలిల కలిసి మన ఊపిరితిత్తులల్లకు వస్తది. పీవీసీ అనే రకం (పైపులు, ఫ్లెక్సీలు, వైర్ల తొడుగులు) కాలితే డయాక్సిన్లు అనే విషాలు లేస్తయి. అవి మేత మీద పడి, గొడ్ల కొవ్వుల చేరి, పాలల్లకెళ్లి మల్ల మన ఇంటికే వస్తయి. పొయ్యి ముంగట కూసునేది మన అమ్మలు, వాళ్ల ఒడిల పసిపిల్లలు. ఈ పద్దు వాళ్ల ఖాతాల పడుతది. చెత్తను బయట కాలవెట్టుడు 2016 నియమాల ప్రకారం గూడ తప్పే.

చాయ్ కాయిదం గిలాసల తాగితే మంచిదేనా?

ఇది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. ప్లాస్టిక్ గిలాస పోయి కాయిదం గిలాస వచ్చింది, ఇగ ఫికర్ లేదనుకుంటున్నం. ఉత్త కాయిదంల వేడి చాయ్ పోస్తే నాని కారిపోవాలె గదా, ఎందుకు కారుతలేదు? లోపల పల్చటి పొర ఉంటది. ఎక్కువ గిలాసలల్ల అది పాలిథిన్ పొరనే. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020ల ఒక పరీక్ష చేసిండ్రు. అసొంటి గిలాసల 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే, సుమారు 25 వేల సన్న ప్లాస్టిక్ రేణువులు ఆ నీళ్లల్ల కలిసినయి. 2022ల నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తం పరీక్ష చేస్తే 17 మంది రక్తంల ప్లాస్టిక్ రేణువులు దొరికినయి. ఇటలీల గర్భిణుల మాయల గూడ దొరికినయి. ఇవి ఒంట్లకు చేరి ఏమేం చేస్తయో పరిశోధన ఇంకా నడుస్తనే ఉన్నది. కాబట్టి నేను లేనిపోని రోగాల పేర్లు చెప్పి భయపెట్ట. కానీ తెలిసి తెలిసి తాగుడు ఎందుకు? గాజు గిలాసల చాయ్ పోసే హోటల్ మీ మండలంల ఇంకా ఉన్నది. అక్కడికే పోండ్రి.

కాయిదం, ప్లాస్టిక్ అతికి ఉన్న ఆ గిలాస రీసైక్లింగ్‌కు గూడ శానా కష్టం. తమిళనాడు సర్కారు 2019 జనవరి 1 సంది ప్లాస్టిక్ పొర ఉన్న కాయిదం గిలాసలను గూడ నిషేధంల పెట్టింది. కేంద్రం జాబితాలనైతే వాటి పేరు లేదు.

చట్టం ఏమంటున్నది?

2022 జూలై 1 సంది దేశమంతట కొన్ని సామాన్లు తయారుచేసుడు, అమ్ముడు, వాడుడు నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గిలాసలు, కప్పులు, చెంచలు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, చెవి పుల్లల, బుగ్గల, ఐస్‌క్రీం, చాక్లెట్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మకోల్, మిఠాయి డబ్బాల మీద, పెండ్లి కార్డుల మీద చుట్టే పల్చటి పొర, 100 మైక్రాన్ల లోపు ఫ్లెక్సీ బ్యానర్లు. ఈ జాబితా ఫోన్ల దాచుకోండ్రి. గుట్కా, పొగాకు, పాన్ మసాలాలను ప్లాస్టిక్ పొట్లాలల్ల అమ్మొద్దని 2016 నియమాలల్లనే ఉన్నది. మన బడి గోడ పక్కన చూస్తే మాత్రం ఆ నియమం ఉన్నట్టు అనిపించది.

మొదట్ల పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఐదేండ్ల దాక జైలు ఉండె. 2023ల తెచ్చిన జన్ విశ్వాస్ చట్టం ఆ జైలును తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాక జరిమానా పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీకి జరిమానా అంటే ఖర్చుల ఒక ఖర్చు. తోపుడు బండి అవ్వకైతే ఐదువందల ఫైన్ అంటే ఆ దినం కూలి పోయినట్టు. నేను చూసినంత మట్టుకు దాడులు బండ్ల మీద జరుగుతయి. తయారయ్యే కాడ గేటు ముంగట జీపు ఆగుడు అరుదు. నల్లా ఇప్పి పెట్టి నేల తుడుస్తే నీళ్లు ఆగుతయా?

ఇంకో ముచ్చట శానామందికి ఎరుక లేదు. చిప్స్ ప్యాకెట్, షాంపూ ప్యాకెట్ అసొంటివి ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతికించి చేస్తరు. వాటిని విడదీసుడు కష్టం, అందుకే పాత సామాన్ల దుకాణపాయన గూడ తీసుకోడు. రీసైక్లింగ్ కాని పొరల ప్యాకెట్లను రెండేండ్లల్ల బంద్ చెయ్యాలని 2016 నియమాలు చెప్పినయి. సరిగ్గ రెండేండ్లకు, 2018ల, ఆ వాక్యం మారింది. కాలవెట్టి శక్తి తీసే వీలు లేనియి, ఇంక దేనికీ పనికి రానియి అయితేనే బంద్ అని సడలించిండ్రు. ఒక్క వాక్యం మారినందుకు ఇయ్యాల మన మోరీలల్ల మెరిసే ప్యాకెట్లు తేలుతున్నయి. చట్టం చదువుడు మనకు ఎందుకు అవసరమో ఇందుకే చెప్తున్న.

దావత్ లెక్క

ఊర్ల ప్లాస్టిక్ ఎక్కువ పోగయ్యేది దినాం ఇంట్ల కాదు, దావత్‌ల. పెండ్లి, పుట్టెంటికలు, దినాలు, బోనాలు, గృహప్రవేశం. 500 మంది భోజనం అనుకోండ్రి. మనిషికి ఒక ప్లేటు, రెండు గిలాసలు, ఒక చెంచ, మిఠాయికి ఒక కప్పు. 2,500 సామాన్లు ఒక్క పూటల చెత్త. నీళ్ల సీసలు వేరే. తెల్లారి ఆ కుప్ప ఊరి బయట బావిల పడుతది, లేకుంటే నిప్పు పెడతరు.

దీనికి జవాబు మన దగ్గరనే ఉన్నది. సిద్దిపేట జిల్లా గ్రామాలల్ల "స్టీల్ బ్యాంక్" షురూ చేసిండ్రు. ఊరికి కావల్సిన స్టీల్ పళ్లాలు, గిలాసలు, గిన్నెలు ఒక్క కాడ పెడతరు. ఎవలింట్ల కార్యమున్నా తీస్కపోతరు, కడిగి మల్ల ఇస్తరు. మహిళా సంఘాలు చూసుకుంటయి.

పైసల లెక్క మీరే వేసుకోండ్రి, ధరలు మీ ఊరివే పెట్టుకోండ్రి. వాడి పారేసే సామానుకు మనిషికి 10 రూపాయలు అనుకుందాం. 500 మందికి 5 వేలు. ఊర్ల ఏడాదికి 20 కార్యాలైతే లక్ష. మనిషికి 200 పెట్టి 500 స్టీల్ సెట్లు కొన్నా గదే లక్ష. ప్లాస్టిక్ లక్ష ఏడాదికి ఒకసారి మట్టిల కలుస్తది. స్టీల్ లక్ష ఇరవై ఏండ్లు ఊర్లనే ఉంటది.

తోమేది ఎవలు?

ఇక్కడ ఒక నిజం మాట్లాడుకోవాలె. చాలా వ్యాసాలు దీన్ని దాటేసి పోతయి. ప్లాస్టిక్ ఊర్లకు ఎందుకంత జల్దీ దూరింది? తోముడు తప్పింది కాబట్టి. ఆ తోముడు ఎవల మీద ఉండె? ఆడోళ్ల మీద, కొన్ని కులాలోళ్ల మీద. తిన్న ఇస్తర్లు ఎత్తే పని గూడ కొందరి నెత్తి మీదనే వేసిండ్రు. కాబట్టి "పాత పద్ధతికి పోదాం, వెనుకట అంత మంచిగుండె" అని నేను అనను. వెనుకట అందరికీ మంచిగ లేకుండె.

ఇంకో ముచ్చట. తెలుగు ఊర్ల హోటళ్లల్ల రెండు గిలాసల పద్ధతి ఉండెనని మీరు చదివే ఉంటరు. దళితులకు వేరే గిలాస, మిగితా వాళ్లకు వేరే గిలాస. వాడి పారేసే గిలాస వచ్చినంక కొన్ని కాడ ఆ వివక్ష కండ్లకు కనబడకుండ పోయింది. పోయింది అనుకున్నం, కానీ గిలాస కింద దాక్కున్నది. ఎంగిలి గిలాస ఎవలు కడగాలె అనే ప్రశ్ననే రాకుండ చేసింది ప్లాస్టిక్. స్టీల్ గిలాస మల్ల వస్తే ఆ ప్రశ్న మల్ల వస్తది. రానియ్యుండ్రి. ఒకటే బ్యాంక్, ఒకటే రకం పళ్లెం, ఒకటే బంతి. ఎవల పళ్లెం వాళ్లే కడిగి పెట్టుడు, లేదంటే కడిగేటోళ్లకు ఆడ మగ తేడా లేకుండ సక్కటి కూలి ఇచ్చుడు. కిరాయిలనే ఆ కూలి కలపాలె. గిది లేకుండ స్టీల్ బ్యాంక్ పెడితే, భూమి మీది బరువు తీసి మల్ల అక్కల నెత్తి మీద పెట్టినట్టే.

పంచాయతీ కార్మికుల సంగతి గూడ గంతే. మన ఎంగిలి ప్లేట్లు, పాడైన అన్నం, పిల్లల డైపర్లు ఒక్కటే కవర్ల కట్టి ఇస్తం. ఆయన ఉత్త చేతులతోని ఏరుతడు. బాకీల శానా పెద్ద పద్దు ఆయనదే, అందరికంటె తక్కువ జీతం గూడ ఆయనదే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చుడు పర్యావరణం కోసం మాత్రమే కాదు, ఆ మనిషి మర్యాద కోసం.

తోముడు కుదరని కాడ ఇస్తరాకు ఉన్నది. మోదుగాకు మన తెలంగాణ అడవులల్ల, గట్ల మీద దొరుకుతది. అడ్డాకు ఆంధ్ర ఏజెన్సీల ఆదివాసీ ఆడోళ్లకు కూలి పెడుతది. తిన్నంక పెంటల వేస్తే ఎరువైతది. ఒక్క జాగ్రత్త: మిషన్ మీద ఒత్తిన కొన్ని ఇస్తర్లకు అడుగున ప్లాస్టిక్ పొర అతికిస్తున్నరు. తిప్పి చూసి కొనుండ్రి.

మనం చెయ్యాల్సింది

"మీరు సంచి పట్టుకపోండ్రి, అంత మారుతది" అని చెప్పి నేను తప్పుకోను. సంచి పట్టుకపోవాలె, నిజమే. తమిళనాడుల 2021 డిసెంబర్ల "మీండుం మంజప్పై" అని పసుపు బట్ట సంచిని మల్ల తెచ్చే ఉద్యమం షురూ చేసిండ్రు. మనకు గూడ కుట్టు మిషన్లు, పాత చీరెలు ఉన్నయి. కానీ ఒక్కో మనిషి మంచితనం మీద ఇంత పెద్ద బరువు వెయ్యొద్దు. ప్యాకెట్ చేసినోడు లాభం తీస్కపోతడు, సిగ్గు మాత్రం మనం పడాల్నా? 2022 ఫిబ్రవరిల వచ్చిన నియమాల ప్రకారం ఎంత ప్లాస్టిక్ బజార్లకు వదిలిండో, దాన్ని మల్ల పోగు చేసే బాధ్యత తయారీదారుది, బ్రాండ్ యజమానిది. ఆ బాధ్యత మీ ఊరి దాక వచ్చిందా? అడగాలె.

అడిగేది ఎక్కడ? గ్రామసభల. 2016 నియమాలు ప్లాస్టిక్ చెత్త బాధ్యతను పట్నాలతోని పాటు గ్రామ పంచాయతీలకు గూడ ఇచ్చినయి. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశల బ్లాకుకు ఒక ప్లాస్టిక్ చెత్త యూనిట్ పెట్టాలన్నరు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధులల్ల 60 శాతం పారిశుధ్యానికి, తాగునీళ్లకే ముడిపెట్టింది. తెలంగాణల పల్లె ప్రగతి కింద పంచాయతీకి ట్రాక్టర్, చెత్త వేరు చేసే షెడ్డు వచ్చినయి. మీ ఊరి షెడ్డుల ఇప్పుడు చెత్త వేరు చేస్తున్నరా, గడ్డి మోపులు దాస్తున్నరా? పోయి చూడుండ్రి, ఫోటో తియ్యుండ్రి, గ్రామసభల పెట్టుండ్రి.

చేతిల ఫోన్ ఉన్నది గదా, ఇంకో పని చెయ్యొచ్చు. ఒక ఆదివారం పది మంది దోస్తులు కలిసి ఊరి చెరువు కట్ట మీద పడ్డ ప్లాస్టిక్ ఏరుండ్రి. ఉత్తగ ఏరి సెల్ఫీ దిగుడు కాదు. ఏ కంపెనీ ప్యాకెట్లు ఎన్ని, గిలాసలు ఎన్ని, నీళ్ల ప్యాకెట్లు ఎన్ని అని నోటుబుక్కుల రాయుండ్రి. బెల్టు షాపు పక్కన వేరే లెక్క, బడి పక్కన వేరే లెక్క వస్తది. ఆ కాయిదం పట్టుకోని మాట్లాడితే సర్పంచైనా, అధికారైనా తేలిగ్గ తీసుకోలేరు. మీ ఊర్ల రాబోయే మొదటి పెండ్లికి స్టీల్ పళ్లాలు పెట్టించుండ్రి. యువజన సంఘం తీర్మానం అక్కడికెళ్లే షురూ కావాలె. పక్కూరోళ్లు చూస్తరు, అడుగుతరు, వాళ్లు గూడ పెడతరు.

సిక్కిం చిన్న కొండ రాష్ట్రం. 1998లనే కవర్ల మీద నిషేధం పెట్టింది. 2016ల సర్కారు మీటింగులల్ల నీళ్ల సీసలు గూడ బంద్ చేసింది. వాళ్ల దగ్గర మంత్రదండం లేదు. మీటింగ్ పెట్టేటోళ్ల నుంచే షురూ చేసిండ్రు, గంతే. మన మండల ఆఫీసుల, మన సంఘం మీటింగ్‌ల, మన పార్టీ సభల టేబుల్ మీద నీళ్ల సీసలు ఉన్నంత కాలం తోపుడు బండి అవ్వకు నీతులు చెప్పే హక్కు ఎవలకూ లేదు.

అప్పు చేసినోడే అప్పు తీర్చాలె అంటది మన ఊరి న్యాయం. ఇక్కడైతే లాభం ఒకలది, సుఖం పది నిమిషాలది, బాకీ మాత్రం బర్రెది, చెరువుది, చెత్త ఎత్తే అన్నది, ఇంకా పుట్టని పిల్లది. ఈ ఖాతాను ఇగ ఎవలది వాళ్లకు పంచుదాం. వచ్చే గ్రామసభ తారీకు ఎన్నడో కనుక్కోండ్రి. పోయేటప్పుడు చేతిల నోటుబుక్కు, ఇంటికెళ్లి తెచ్చుకున్న చెంబుల నీళ్లు ఉండాలె.